సింగడాల (సమోసాల) పళ్ళెం వద్దు, ఆరున్నరకు ఇంటికి పంపండి: రాయగడ ఆఫీసుల యజమానులకు, మేనేజర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఒడిశాలోని రాయగడలో ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీ బ్రాంచిలో లెక్కలు చూసే ఉద్యోగిని. వయసు 37. ఈ కుర్చీలో కూర్చోబట్టి తొమ్మిదేళ్ళు. కంపెనీ పేరు, మా మేనేజరు గారి పేరు ఇక్కడ రాయను. ఆయనా పైనుంచి వచ్చే టార్గెట్ల కింద నలుగుతున్న మనిషే. పైగా ఇది మా ఒక్క ఆఫీసు గొడవే అయితే నాలుగు గోడల మధ్య తేల్చుకునేదాన్ని. రాత్రి ఎనిమిదింటప్పుడు మెయిన్ రోడ్డు మీద నడిచి చూడండి. కింద దుకాణాల షట్టర్లు దిగిపోతుంటాయి, పై అంతస్తుల్లో ట్యూబులైట్లు ఇంకా వెలుగుతూనే ఉంటాయి. ఆ లైట్ల కింద కూర్చున్న వాళ్ళందరి తరఫునా రాస్తున్నాను. గుణుపురంలో, మునిగుడలో ఇలాంటి ఆఫీసుల్లో పనిచేసే నా స్నేహితురాళ్ళూ ఇదే చెబుతారు.

జనవరిలో మేం పద్నాలుగు మందిమి సంతకాలు చేసి బ్రాంచిలో ఒక వినతిపత్రం ఇచ్చాం. గంటల తరబడి కూర్చోవడం వల్ల, రాత్రిళ్ళు ఆలస్యం కావడం వల్ల అందరికీ బరువు పెరుగుతోందని, ఇద్దరికి షుగరు, ముగ్గురికి బీపీ వచ్చాయని, పని వేళలు సరిచేయమని అందులో రాశాం. ఫిబ్రవరిలో అదే కాగితం పై ఆఫీసుకు మెయిల్ చేశాం. ఏప్రిల్‌లో జవాబు వచ్చింది. నోటీసు బోర్డుకు ఒక పోస్టరు, ఫోన్లో వేసుకోవడానికి ఒక యాప్. రోజుకు 10,000 అడుగులు నడవాలట, ఎవరు ఎన్ని నడిచారో గ్రూపులో పేర్ల వరస పెడతారట. పని వేళల గురించి ఒక్క ముక్క లేదు. అందుకే ఈ లేఖ.

ముందు సంగతులు చెబుతాను. ఆ తర్వాత మేం అడిగేవి.

1. నా కొలతలు దాచుకోకుండా రాస్తాను. దాచుకున్నంత కాలం ఇది నా సొంత సిగ్గుగానే మిగిలిపోయింది. ఉద్యోగంలో చేరిన నాడు నేను 54 కిలోలు. ఎత్తు 155 సెంటీమీటర్లు. ఇప్పుడు 71 కిలోలు, నడుము చుట్టుకొలత 94. మన దేశంలో డాక్టర్లు పాటించే లెక్క ప్రకారం బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువును చూపే అంకె, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము ఆడవాళ్ళకు 80, మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. తెల్లవాళ్ళకు పెట్టిన గీతల కంటే మనకు కిందికి గీశారు. ఎందుకంటే అంతే బరువున్నా మన ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ, అది పొట్ట చుట్టూనే చేరుతుంది, షుగరు తొందరగా పట్టుకుంటుంది. నా బీఎంఐ 29.5.

ఈ అంకెల కంటే ముందు నాకు సంగతి తెలిసింది మా దర్జీ దగ్గర. జాకెట్టు కుట్టేటప్పుడు లోపల రెండు పక్కలా గుడ్డ వదిలి రెండు మూడు వరసల కుట్టు వేస్తారు కదా, ఒళ్ళు వస్తే ఒక్కో వరసా విప్పుకోవడానికి. నా పెళ్ళినాటి పట్టు జాకెట్టుకు మూడు వరసలూ విప్పించేశాను. పోయిన దసరాకు మళ్ళీ తీసుకెళ్తే ఆయన దాన్ని తిరగేసి, గుడ్డ అంచును వేలితో తడిమి చూపించి, "ఇంక విప్పడానికి లేదమ్మా" అన్నాడు. మెల్లగానే అన్నాడు పాపం. ఆ చీర ఆ పండక్కి కట్టుకోలేదు.

2. మా రోజు ఎలా గడుస్తుందో వినండి. అయిదింటికి లేస్తాను. నీళ్ళు పట్టడం, పిల్లలిద్దరికీ టిఫిను, క్యారేజీలు, అత్తయ్యకు చోడి (రాగి) అంబలి, ఇల్లు సర్దడం. తొమ్మిదిన్నరకు లాగిన్ పడాలి. అక్కణ్ణించి కుర్చీ. ఓడీ లిస్టు, అంటే గడువు దాటిన అప్పుల జాబితా, తెరిచి వాయిదా కట్టని వాళ్ళకు ఫోన్లు చేయడం, మధ్యలో డేబుక్, కేవైసీ కాగితాలు, కౌంటరు దగ్గరికి వచ్చిన వాళ్ళకు సమాధానాలు. నా ఎదురుగా గోడకు కెమెరా ఉంది. సీటు పది నిమిషాలు ఖాళీగా కనిపిస్తే బ్రాంచికి ఫోను వస్తుంది. అందుకని నీళ్ళు తక్కువ తాగుతాం. ఆడవాళ్ళం మరీ తక్కువ తాగుతాం.

మధ్యాహ్నం క్యారేజీ మూత తీసి కీబోర్డు పక్కన పెట్టుకుని ఎడమ చేత్తో ఫోను పట్టుకుని తింటాను. అవతల వాయిదా కట్టలేని మనిషి ఒడియాలోనో తెలుగులోనో ఏడుస్తూ ఉంటాడు. నేను అడగాల్సిన మాటలు అడుగుతూనే ఉంటాను. ముద్ద ఎప్పుడు దిగిందో, ఎంత తిన్నానో తెలియదు. క్యారేజీ ఖాళీ అయ్యాక కూడా ఇంకా ఏదో తినాలనిపిస్తుంది.

సాయంత్రం ఆరవుతుంటే మా అటెండరు బాబాయి స్టీలు పళ్ళెం పట్టుకుని మెట్లెక్కి వస్తాడు. పేపరు పరిచి దాని మీద వేడివేడి సింగడాలు, మిరపకాయ బజ్జీలు. పేపరు నూనె పీల్చుకుని అవతలి పక్క అక్షరాలు కూడా కనిపిస్తుంటాయి. వెనకే టీ. మేనేజరు గారు సొంత డబ్బుతో తెప్పిస్తారు, ఆ మంచితనాన్ని నేను కాదనను. అయితే మా ఆఫీసులో అందరికీ తెలిసిన లెక్క ఒకటుంది. పళ్ళెం వచ్చిందంటే ఆ రాత్రి ఎనిమిదిన్నర లోపు ఎవరూ ఇంటికి వెళ్ళరు. డే ఎండ్ పడేదాకా, అంటే ఆ రోజు లెక్కలు కంప్యూటరులో మూసేదాకా, ఎవరూ కదలకూడదు. నెలాఖర్లో తొమ్మిదిన్నర, పది కూడా అవుతుంది. నెలకు పదిహేను ఇరవై రోజులు ఆ పళ్ళెం వస్తుంది.

రెండు సింగడాలంటే సుమారు 500 కేలరీలు. నా బరువు మనిషి వాటిని నడిచి కరిగించాలంటే గంటన్నరకు పైగా గబగబా నడవాలి. రోజుకు అయిదు టీలు, టీకి రెండు చెంచాల పంచదార, మొత్తం 50 గ్రాముల దాకా. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 25 గ్రాముల లోపు ఉంచుకుంటే మేలంటోంది. "తినకపోతే సరి కదా" అంటారు. నిజమే, నేనూ అలాగే అనుకుని ఎన్నోసార్లు తలతిప్పుకున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న మనిషి, రాత్రి తొమ్మిదింటికి గానీ ఇల్లు చేరదని తెలిసినప్పుడు, ఎదురుగా వేడి పళ్ళెం పెడితే ఎన్ని రోజులు తలతిప్పుకోగలదు?

3. కూర్చోవడమే ఒక జబ్బు అని కొత్తగా ఎవరో కనిపెట్టింది కాదు. 1953లో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించారు. డ్రైవర్లు రోజంతా కూర్చునే ఉంటారు, కండక్టర్లు మెట్లెక్కుతూ దిగుతూ టికెట్లు కొడుతుంటారు. గుండెపోట్లు డ్రైవర్లలోనే ఎక్కువగా కనిపించాయి. ఉత్తరాలు మోసే పోస్టుమన్లతో పోలిస్తే కూర్చుని పనిచేసే పోస్టల్ గుమాస్తాల్లోనూ అదే తేడా కనిపించింది. తర్వాత 1956లో ఆయన వాళ్ళ యూనిఫారం కొలతలు తెప్పించుకుని చూస్తే డ్రైవర్ల నడుము కొలతలు కండక్టర్ల కంటే ఎక్కువ. ఉద్యోగంలో చేరేనాటికే వాళ్ళు కాస్త లావని కూడా ఆయనే నిజాయితీగా రాశారు, కాబట్టి తప్పంతా సీటుదేనని నేనూ అనను. ఆ తర్వాత డెబ్భై ఏళ్ళుగా ఎన్నో దేశాల్లో చేసిన పరిశీలనలు ఎక్కువసేపు కూర్చునేవాళ్ళకే ముప్పు ఎక్కువని చూపుతూనే ఉన్నాయి.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా ఫీల్డు కుర్రాళ్ళు గుర్తొచ్చారు. కాశీపూర్ వైపు కొండ ఊళ్ళకు వెళ్ళి, బండి పోలేని చోట దిగి నడిచి, ఇంటింటికీ తిరిగి వసూలు చేసుకొస్తారు. ఆరింటికి వచ్చి మాతో పాటే అవే సింగడాలు తింటారు, మా కంటే ఎక్కువే తింటారు. వాళ్ళ బెల్టులు మారలేదు. వాళ్ళకూ కష్టాలున్నాయి, వాటి గురించి వేరే లేఖ రాయాలి. పళ్ళెం ఒక్కటే, ఒళ్ళు రెండు రకాలుగా ఎందుకు తయారయ్యాయో చూడమని మాత్రమే అంటున్నాను.

పది లక్షల మందికి పైగా వివరాలు కలిపి 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ ఉంది. రోజుకు ఎనిమిది గంటలు కూర్చునే మనిషికి ఆ ముప్పు తీరాలంటే రోజూ 60 నుంచి 75 నిమిషాలు ఒళ్ళు కదిలించే వ్యాయామం కావాలని తేల్చింది. మేం కూర్చునేది ఎనిమిది గంటలు కాదు, తొమ్మిదీ పదీ. మరి ఆ గంటంబావు రోజులో ఎక్కడుందో మీరే చూపించండి. అయిదింటి నుంచి తొమ్మిది దాకా ఇంటి పని, తొమ్మిదిన్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మీ పని, తొమ్మిది నుంచి మళ్ళీ పొయ్యి.

4. ఒత్తిడి గురించి. రాత్రి పదిన్నరకు గ్రూపులో మెసేజి వస్తుంది: రేపటికి ఎన్ని ఖాతాలు, ఎవరిది పెండింగు. చూడకపోతే పొద్దున్నే "చూడలేదా?" అని అడుగుతారు. చూస్తే నిద్ర రాదు. పన్నెండింటికి కన్ను మూస్తే అయిదింటికి లేవాలి. 2004లో షికాగోలో పన్నెండు మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ అనే హార్మోను 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీదికి మనసు పోయింది. వాళ్ళకు రెండు రాత్రులు. మాకు తొమ్మిదేళ్ళు. దీనికి తోడు దినమంతా భయంతో పనిచేసే ఒంట్లో కార్టిసాల్ ఎక్కువగా ఊరుతుంది. అది ఆకలినీ పెంచుతుంది, కొవ్వును పొట్ట దగ్గరకూ చేరుస్తుంది. నోరు కట్టుకోలేని మనిషని నన్ను అన్నవాళ్ళు ఈ మాట తెలిసి ఉంటే అనేవాళ్ళు కారేమో.

5. ప్రయత్నించలేదని అనుకోకండి. రెండేళ్ళ కిందట నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లారి నాలుగున్నరకే లేచి మా వీధి చివరిదాకా, అక్కణ్ణించి మజ్జిగౌరమ్మ గుడి వైపు నడిచేదాన్ని. రాత్రి అన్నం మానేసి చోడి రొట్టె, తోటకూర. టీలో పంచదార మానేశాను. నాలుగు నెలల్లో 6 కిలోలు తగ్గాను. మోకాలి నొప్పి పోయింది. మా చిన్నది వెనకనుంచి వచ్చి నడుం చుట్టూ చేతులు వేసి "అమ్మా, వేళ్ళు కలుస్తున్నాయి" అంది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

తర్వాత మార్చి వచ్చింది. సంవత్సరాంతపు లెక్కలు. ఆ నెలలో రాత్రి పదింటికి ముందు ఇల్లు చేరింది మూడే మూడు రోజులు, ఆదివారాలు కూడా పోయాయి. నాలుగున్నరకు అలారం మోగితే ఆపేసి పడుకునేదాన్ని. ఒంటికి అదే కావాలనిపించేది. జూలై దాటేసరికి 8 కిలోలు పెరిగాను. పోయిన ఆరూ వచ్చాయి, పైన రెండు. తగ్గిన ఒళ్ళు తన పాత బరువుకు చేరుకోవడానికే పెనుగులాడుతుందని, అప్పుడు ఆకలి పెరిగి ఖర్చయ్యే శక్తి తగ్గుతుందని వైద్యులు చెబుతారు. అంటే తగ్గించుకున్న బరువును నిలబెట్టుకోవడానికి నెలలు కాదు, ఏళ్ళు కావాలి. ఏళ్ళ తరబడి నా పొద్దు నా చేతిలో ఉండాలి. ఒక్క మార్చి చాలు ఆ కష్టమంతా నీళ్ళపాలు కావడానికి.

6. దీని ఖర్చు ఎవరు మోస్తున్నారో చూడండి. మా పక్క సీటు అమ్మాయికి 29 ఏళ్ళు. పోయిన ఏడాది కళ్ళు మసకబారుతున్నాయని అద్దాలకు వెళ్తే షుగరు బయటపడింది. పెళ్ళి సంబంధం దాకా వచ్చిన విషయం ఆగిపోయింది. ఆ సంగతి ఇంతకంటే రాయను. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా రాయగడతో కలిపి మన కోరాపుట్ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. రాష్ట్రం మారినా పెద్ద జబ్బు చేస్తే ఇప్పటికీ మేం రైలెక్కి పోయేది విశాఖకే. ఒక్కసారి వెళ్ళొస్తే రెండు రోజుల జీతం కోత, టికెట్లు, పరీక్షలు, మందులు, తోడు వచ్చినవాళ్ళ తిండి. మా జీతాల్లో అది నెల బడ్జెట్టును తలకిందులు చేస్తుంది. 2025 నుంచి బరువు తగ్గించే వారపు ఇంజెక్షన్లు మన మార్కెట్లోకి వచ్చాయి. నెలకు వేలకు వేలు. మా ఆఫీసులో ఒకాయన వాటి కోసం చీటీ పాడదామా అని ఆలోచిస్తున్నాడు. పని వేళలు మారిస్తే కొంతైనా తగ్గే దానికి అప్పు చేయాల్సి వస్తోంది.

దేశం మొత్తం మీద చూసినా ఇదే తీరు. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. షుగరున్నవాళ్ళు 10.1 కోట్లు, దాని గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు 13.6 కోట్లు, నూటికి 39 మందికి పైగా పొట్ట చుట్టూ కొవ్వు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బీఎంఐ 25 దాటిన ఆడవాళ్ళు 2015-16లో నూటికి 20.6 ఉంటే 2019-21 నాటికి 24 అయ్యారు. ఇంతమంది ఒక్కసారిగా బద్ధకస్తులయ్యారా?

7. ఆ అడుగుల పోటీ. 10,000 అనే అంకె ఏ డాక్టరూ లెక్కగట్టి చెప్పింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వ్యాప్తిలోకి వచ్చింది. నడక మంచిదే, అందులో అనుమానం లేదు. కానీ మా గ్రూపులో రోజూ రాత్రి పేర్ల వరస పడుతుంది, పైన ఫీల్డు కుర్రాళ్ళు, అడుగున మేము. మొదటి వారం అడుగున ఉన్న పేరు నాది. దాని కింద ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. కుర్చీలోంచి లేవనివ్వని చోట, లేవలేదని పేరు బయటపెట్టడం న్యాయం కాదు. మర్నాడు ఒకామె ఫోనును ఫ్యాను రెక్కకు కట్టి తిప్పింది, అడుగులు పడతాయని. పెద్ద చదువు చదివి, ఇద్దరు పిల్లలను పెంచుతున్న మనిషి చేత అలాంటి పని చేయించాం.

ఇక మేం అడిగేవి.

1. సాయంత్రం ఆరున్నరకు ఇంటికి పంపండి. నెలాఖర్లో ఆలస్యం తప్పదంటే ఏయే రోజులో ముందే చెప్పండి, నెలకు మూడు రోజులు మించకూడదు, ఆ అదనపు గంటలకు చట్టం చెప్పినట్టు రెట్టింపు లెక్కన కట్టండి. రోజుకు 8 గంటల పని, అది దాటితే రెట్టింపు వేతనం అన్నవి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక చట్టాల్లో ఉన్న మాటలే. మిగిలిన ఆరు డిమాండ్లూ పక్కన పెట్టినా ఇది ఒక్కటి ఒప్పుకుంటే సగం జబ్బు కుదురుతుంది.

2. రాత్రి ఎనిమిది తర్వాత గ్రూపుల్లో పని మెసేజీలు వద్దు. పొద్దున తొమ్మిదిన్నరకు చెప్పినా ఆ ఖాతాలు ఎక్కడికీ పోవు.

3. మధ్యాహ్నం అరగంట ఫోన్లు ఆపండి. ఇద్దరిద్దరం వంతులు వేసుకుంటాం, కౌంటరు ఖాళీ కాదు. అన్నం కంచం వైపు చూసి తినే వీలు కల్పించండి.

4. గంటకు అయిదు నిమిషాలు లేవనివ్వండి, కెమెరా చూసి ఫోన్లు చేయడం మానండి. కేంద్ర ప్రభుత్వమే తన ఉద్యోగుల కోసం అయిదు నిమిషాల "వై-బ్రేక్" యోగాను 2021లో తెచ్చింది. సర్కారు ఆఫీసులో పనికొచ్చే అయిదు నిమిషాలు మన ఆఫీసులో నష్టం తెస్తాయా? ఫైళ్ళు, ప్రింటరు సీటు పక్కనుంచి తీసి గది అవతలి మూలన పెట్టండి. నిలబడి పనిచేసుకునే ఎత్తు బల్ల ఒక్కటి చేయించండి, వంతులవారీగా వాడుకుంటాం. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో దుకాణాల్లో రోజంతా నిలబడే అమ్మాయిలకు కూర్చునే హక్కు ఇస్తూ చట్టాలు మార్చారు. వాళ్ళకు కుర్చీ ఎంత అవసరమో మాకు కుర్చీలోంచి లేవడం అంత అవసరం.

5. ఆఫీసు డబ్బుతో ఏమైనా తెప్పిస్తే ఉడికించిన శనగలు, వేరుశనగకాయలు, జామకాయలు తెప్పించండి. పంచదార లేని టీ కూడా పెట్టండి. 2017లో మిల్లెట్ (చిరుధాన్యాల) మిషన్ పెట్టినప్పటి నుంచి ఒడిశా ప్రభుత్వం మాండియాను ఊరూరా తిరిగి ప్రచారం చేస్తోంది. మన కొండ ఊళ్ళలో పండే చోళ్ళే అవి. ఆ పిండితో చేసినవి సంతలో సింగడాల ధరకే దొరుకుతాయి.

6. అడుగుల పట్టిక ఆపేయండి. ఎవరి బరువూ, ఎవరి షుగరూ గ్రూపుల్లో, మీటింగుల్లో మాట్లాడకూడదు. "కాస్త తక్కువ తినమ్మా" అన్న మాట ఆఫీసులో ఇంక వినపడకూడదు.

7. ఏడాదికోసారి బీపీ, షుగరు, నడుము కొలత పరీక్ష చేయించండి, ఫలితం మనిషి చేతికే ఇవ్వండి. నలభై దాటిన వాళ్ళకు ఏటా ఉచిత పరీక్ష కొత్త చట్టాలే చెబుతున్నాయి. మా పక్క సీటు అమ్మాయికి ముప్ఫై నిండకుండానే షుగరు వచ్చింది కాబట్టి అందరికీ చేయించమంటున్నాం. డబ్బు లేదంటారా, ముప్ఫై దాటినవాళ్ళకు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్లలో బీపీ, షుగరు ఉచితంగానే చూస్తారు. అక్కడికి వెళ్ళడానికి జీతం కోయని అరపూట సెలవు ఇస్తే చాలు.

జిల్లా కార్మిక శాఖ అధికారులకు ఒక మనవి. ఆఫీసులు తనిఖీ చేసేటప్పుడు పగలు పదకొండింటికి వస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. రాత్రి ఏడున్నర, ఎనిమిది మధ్య రండి. హాజరు రిజిస్టరులో సంతకాలు ఎన్నింటికి పడ్డాయో, కంప్యూటరులో డే ఎండ్ ఎన్నింటికి పడిందో రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

మా ప్రాంతపు డాక్టర్లకు కూడా చేతులు జోడించి చెబుతున్నాను. చీటీ మీద "బరువు తగ్గాలి" అని రాసి పంపేముందు ఏం పని చేస్తారు, ఎన్ని గంటలు కూర్చుంటారు, ఎన్ని గంటలు పడుకుంటారు అని మూడు ప్రశ్నలు అడగండి. నాకిచ్చిన డైట్ చార్టులో ఓట్సు, బ్రొకోలీ, ఆలివ్ నూనె ఉన్నాయి, అది ఇంగ్లీషులో ఉంది. ఉలవచారు, చోడంబలి, మునగాకు, బొబ్బర్లు, చిన్న చేపలు తినే ఇళ్ళు మావి. అన్నం ఎన్ని గరిటెలు, కూర ఎంత, పప్పు ఎంత అని తెలుగులో, ఒడియాలో రాసిన ఒక్క కాగితం ఇవ్వండి. ఎవరింట్లో వాళ్ళు పొయ్యి పక్కన గోడకు అంటించుకుంటాం.

ఈ లేఖ ప్రతిని మా బ్రాంచిలోనూ, పై ఆఫీసుకూ ఇస్తున్నాం. పదిహేను రోజులు చూస్తాం. జవాబు రాకపోతే పదహారో రోజు సాయంత్రం ఆరున్నరకు పద్నాలుగు మందిమీ డే ఎండ్ దాకా మా వంతు పని పూర్తిచేసి, కంప్యూటర్లు ఆపి, కలిసే మెట్లు దిగుతాం. మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు మళ్ళీ మా సీట్లలో ఉంటాం. ఆ రోజుకు ఉద్యోగం ఉంటుందో లేదో అని ఇద్దరు ముగ్గురు భయపడుతున్నారు, నాకూ భయంగానే ఉంది. అయినా సంతకాలు ఎవరూ వెనక్కి తీసుకోలేదు. మిగతా ఆఫీసుల్లో మా లాంటి వాళ్ళు ఎవరైనా ఉంటే మీరూ మీ మేనేజర్లకు ఇలాగే ఒక కాగితం ఇవ్వండి. పేర్లు రాయడానికి భయమైతే ఎంతమంది ఉన్నారో ఆ అంకెయినా రాయండి.

ఇట్లు,
పద్నాలుగు మంది తరఫున,
ఒక ఉద్యోగిని,
రాయగడ